కాంటా ముందు లేవాలి

మొన్న ఒక మధ్యాహ్నం మా ఖమ్మం ఇంటి వసారాలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. మా చెల్లెలి కూతురు వారంలో సగం రోజులు మా ఇంట్లోనే ఉండి, ఆ వసారాలోనే ఒక మూల బల్ల వేసుకుని ఉద్యోగం చేస్తుంది. చెవుల్లో ఏవో పెట్టుకుని గోడతో మాట్లాడుతున్నట్టు మాట్లాడుతుంది కాబట్టి మామూలుగా ఆ మాటలు నేను పట్టించుకోను, కానీ ఆ రోజు ఒక మాట దగ్గర నా చెయ్యి ఆగింది. ఎక్కడో ఉన్న వాళ్ళ సర్వరు ఆగిపోయి మళ్ళీ లేచిందట, లేచేటప్పుడు లెక్కలు దాచే సర్వీసు ఇంకా కళ్ళు నులుముకుంటుండగానే లెక్కలు అడిగే సర్వీసు ముందు లేచి, అడిగినదానికి జవాబు రాక చతికిలబడిందట. ఏది ముందు లేవాలో ఏది తర్వాత లేవాలో చెప్పే ఫైలు ఒకటుందని, అందులో ఒక్క లైను తప్పిందని అవతలివాళ్ళకు విడమరచి చెబుతోంది. నేను ఉండబట్టలేక, లేచిందనుకుంటే సరిపోదే తల్లీ, తయారైందో లేదో అడిగి మరీ రెండోదాన్ని లేపాలి, ఆపేటప్పుడు మాత్రం చివరి నుంచి వెనక్కి రావాలి అన్నాను. చిక్కుడుకాయ మాట్లాడితే ఎలా చూస్తుందో అలా చూసింది నా వైపు.

పెద్దమ్మకు ఇవన్నీ ఎలా తెలుసని సాయంత్రం దాకా నా వెంటపడితే చెప్పక తప్పింది కాదు. ఆ పిల్లకు చెప్పినప్పటి నుంచీ ఆ రోజులు నా చుట్టూనే తిరుగుతున్నాయి, అందుకని మీకూ చెబుతున్నాను. నా వయసువాళ్ళకైతే ఇందులో సగం విడమరచి చెప్పే పనే లేదు.

మాది ముదిగొండ దగ్గర పల్లె. డిగ్రీ అయ్యాక మా అన్నయ్య ఇంట్లో అందరితో వాదించి నన్ను ఖమ్మంలో కంప్యూటరు కోర్సులో చేర్పించాడు. మీకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో కంప్యూటరు గదిలోకి చెప్పులు విప్పి వెళ్ళేవాళ్ళం, గుళ్ళోకి వెళ్ళినట్టే. దుమ్ము తగిలితే దానికి జ్వరం వస్తుందన్నంత భయం. ఆ భయభక్తులతో నేర్చుకున్న చదువుతో నాకు మొదటి ఉద్యోగం దొరికింది, పెనుబల్లి దాటాక అడవి మొదలయ్యే వైపున్న ఒక పామాయిల్ ఫ్యాక్టరీలో. పేరు ఎందుకులెండి, ఇప్పుడు అక్కడ ఆ ఫ్యాక్టరీ కూడా లేదు. పెనుబల్లిలో మా పిన్ని వాళ్ళింట్లో ఉంటూ పొద్దున్నే బస్సెక్కి వెళ్ళేదాన్ని. దుమ్ము సంగతి చెప్పాను కదా, నా కంప్యూటరు ఉన్నది ట్రాక్టర్ల కాంటా పక్కన అగ్గిపెట్టెంత గదిలో. రోజుకు ఎంత దుమ్ము తినేదో దానికే తెలియాలి, ఒక్కనాడూ జ్వరం రాలేదు.

పామాయిల్ తోటలు ఎరగనివాళ్ళ కోసం ఒక మాట. ఆ గెలలు కోశాక ఎక్కువ సేపు ఆగవు, పుల్లబడిపోతాయి, నూనె చెడిపోతుంది. అందుకని కోసిన వెంటనే ట్రాక్టరుకెత్తి ఫ్యాక్టరీకి తెస్తారు. తెచ్చిన ప్రతి ట్రాక్టరూ మొదట కాంటా ఎక్కాలి, బరువు తూగాలి, ఆ తర్వాతే లోపల గెలలు దించుకోవడం. ఆ బరువు పట్టే పని నాది. మొక్క పెట్టిన తర్వాత మొదటి గెల కోయడానికి నాలుగేళ్ళు ఆగాలి కాబట్టి, ఆ కాంటా మీదికి వచ్చే ప్రతి మొదటి కోత వెనకా ఒక ఇంటి ఓపిక ఉండేది.

నాకు ఆ పని నేర్పినవాడు మా ఫ్యాక్టరీ ఎలక్ట్రీషియన్. నాన్న వయసు మనిషి, నేను బాబాయ్ అని పిలిచేదాన్ని. పొద్దున్నే నాకన్నా ముందు వచ్చి కాంటా మీది బురద పారతో గీకి, శుభ్రంగా ఊడ్చి, ఆ తర్వాతే బరువు అంకెలు చూపించే కాంటా పెట్టె స్విచ్చి వేసేవాడు. దాని అంకెలు కాసేపు తడబడి సున్నా దగ్గర నిలబడేదాకా నన్ను కంప్యూటరు ముట్టుకోనిచ్చేవాడు కాదు. తర్వాత కంప్యూటరు, దాని తర్వాత తూకం ప్రోగ్రాము, అన్నిటికన్నా చివర ప్రింటరు. పెళ్ళివారింట్లో పొయ్యి మీద అన్నం ఉడకకముందే వడ్డించేవాడు విస్తరి ముందుకొచ్చి నిలబడితే ఎంత నవ్వులాటో, ఇదీ అంతేనని చెప్పేవాడు. నాకు మాత్రం చాదస్తంగా ఉండేది, చెప్పొద్దూ.

ఆ వేసవిలో ప్రోగ్రాము రాసిచ్చిన పట్నం కుర్రాళ్ళు వచ్చి, ఇక మీరు ఒక్కొక్కటీ వేసుకుంటూ కూర్చోనక్కర్లేదు, కరెంటు రాగానే అన్నీ వాటంతటవే లేస్తాయని అమర్చి వెళ్ళారు. మేమందరం ఎంత సంబరపడ్డామని. రోజుకు ఎన్నిసార్లు కరెంటు పోయేదో లెక్క లేని కాలం, యూపీఎస్ బ్యాటరీలు ఎప్పుడో ఉబ్బి చచ్చిపోయి కూర్చున్నాయి. కరెంటొచ్చిందిరో అని కేక వినపడేలోపు నా గదిలో అన్నీ దీపాలు పెట్టుకుని లేచి కూర్చునేవి. వేసవంతా ఏ గొడవా లేదు, ఎందుకంటే తోటల్లో కోతలు తక్కువ, కరెంటు పోయిన వేళ కాంటా మీద బండి ఉండడం అరుదు. మాకెవరికీ తట్టని సంగతి ఒకటుంది. కాంటా పెట్టె లేచేటప్పుడు తన మీద ఏ బరువుంటే దాన్నే సున్నా అనుకుంటుంది. ఖాళీ కాంటా అయితే సరే. ట్రాక్టరు నిలబడి ఉండగా లేస్తే ఆ ట్రాక్టరూ గెలలూ అన్నీ కలిపి సున్నా. ఇటు తూకం ప్రోగ్రాము కాంటా స్థిమితపడిందో లేదో అడగకుండానే లేచి, ఆ సున్నానే నిజమని పట్టుకుని కూర్చుంటుంది.

వానలు పడ్డాయి, కోతలు ఊపందుకున్నాయి, గేటు బయట అడవి దారి వెంట ట్రాక్టర్ల వరస మొదలైంది. ఆ వరసకు ఒక మర్యాద ఉండేది. టీకి పోయినా, దూరం పోయినా తన ట్రాక్టరు మీదో గేటు కమ్మీకో కండువా కట్టి పోతే చాలు, వంతు ఎవరూ తీసుకునేవారు కాదు. మనిషి ఎదురుగా ఉంటే ఒకటికి రెండు మాటలు అనుకునేవాళ్ళే గానీ కండువా జోలికి వెళ్ళేవారు కాదు.

అలాంటి ఒక మధ్యాహ్నం వాన సన్నగా పడుతుండగా ఒకామె తన మొదటి కోత తెచ్చింది. లోపలి అడవి పల్లె, కోయవాళ్ళు. ట్రాక్టరు కిరాయిది, నడిపేది ఆమె తమ్ముడు. వాళ్ళిద్దరూ వాళ్ళ భాషలో మాట్లాడుకుంటూ, మాతో తెలుగులో మాట్లాడేవారు. భర్త పోయాక ఆమె పంతం పట్టి పామాయిల్ పెట్టిందట, మొక్కలు చిన్నవిగా ఉన్నప్పుడు రెండు ఎండాకాలాలు వాగు నుంచి కడవలతో నీళ్ళు మోసిందట. మరుదులకు ఆ తోట మొదటి నుంచీ గిట్టదు, తినడానికి పనికిరాని చెట్టు ఎందుకు, నరికేసి పత్తి పెడదామని వాళ్ళ గోల. చివరికి పల్లె పెద్దలు కూర్చుని మొదటి కోత దాకా ఆగమన్నారు. ఫ్యాక్టరీవాళ్ళు తీసుకుంటే తోట ఉంటుంది, వెనక్కి పంపితే తోట పోతుంది, అదీ తీర్పు. ఇదంతా ఆమె వరసలో నిలబడ్డప్పుడు వెనకాముందు ట్రాక్టర్లవాళ్ళకు చెప్పింది, వాళ్ళు నా కిటికీ దగ్గరికొచ్చి నాకు చెప్పారు. ఆ వరసలో రహస్యమంటూ ఏదీ నిలిచేది కాదు.

పోనీ కోసిన వెంటనే వచ్చిందా అంటే లేదు. కొత్తగా చేతికొచ్చిన పంట ఏదైనా ముందు దేవరకు చూపకుండా వాళ్ళు గడప దాటించరు, చిక్కుడైనా జొన్నయినా మామిడైనా అంతే. మరి ఈ పామాయిల్‌కు కొత్తల పండుగ చెయ్యాలా వద్దా అని పల్లెలో పెద్ద తర్జనభర్జన. ఎవరూ తినని కాయకు పండుగేమిటని కొందరు, పంట పంటే కదా అని కొందరు. పూజ చేసే పెద్దాయన చుట్టాల ఊరికి వెళ్ళి ఉంటే ఆయన వచ్చేదాకా గెలలు పందిరి కింద ఆగాయి. ఆయన వచ్చి, పసుపు కుంకుమ పెట్టి, సరేనన్నాక బయలుదేరితే వాగు అడ్డం పడింది. ఇంతా చేసి మా గేటు చేరేసరికి గెలల్లోంచి పండ్లు రాలి ట్రాలీ అడుగున పరుచుకున్నాయి. గెలలు పరీక్ష చేసే ఆయన ఒకటి ఒలిచి చూసి, ఇవాళైతే తీసుకుంటాను, రేపటికి నా చేత కాదని ముందే చెప్పేశాడు. చీకటి పడితే గేటు మూసేస్తారు. కాబట్టి ఆమె తోట ఉండడమూ పోవడమూ ఆ సాయంత్రం లోపల తేలాలి.

వంతు వచ్చింది, ట్రాక్టరు కాంటా ఎక్కింది, నేను మీట మీద చెయ్యి వెయ్యబోయాను, కరెంటు పోయింది.

వచ్చేసరికి చాలాసేపు పట్టింది. వచ్చీ రాగానే నా గదిలో అన్నీ గబగబా లేచాయి. చూస్తే గెలలతో నిండిన ట్రాక్టరు బరువు సున్నా. బాబాయ్ అని కేకేశాను. బాబాయి పరుగెత్తుకొచ్చి చూసి, ట్రాక్టరు దిగితే తప్ప లాభం లేదన్నాడు. ముందుకు దిగడానికి దారి లేదు, లోపల గెలలు మోసుకెళ్ళే పట్టీ ఆగిపోయి అంతకుముందు తూగిన బండ్లన్నీ కాంటా అంచుదాకా నిలిచి ఉన్నాయి, బాయిలరు మళ్ళీ ఆవిరి అందుకుని అవి కదిలేసరికి చీకటి పడేట్టుంది. వెనక్కి దిగాలంటే వెనక అడవి దారి, రెండు పక్కలా కాలువ, ఒకదాని వీపుకు ఒకటి ఆనుకుని ట్రాక్టర్లు. ట్రాలీ కట్టిన ట్రాక్టరును వెనక్కి నడపడం ఎంత కష్టమో నడిపినవాళ్ళకు తెలుసు, తల ఒకవైపు తిప్పితే తోక ఇంకోవైపు పోతుంది. మేనేజరు గారు చెడ్డవాడు కాదు, కానీ తూకం లేని బండిని లోపలికి పంపితే ఆయన ఉద్యోగానికి ముప్పు. కాసేపు తల పట్టుకుని, రేపు రమ్మనండి, ఏం చేద్దాం అన్నాడు.

ఆమె నా కిటికీ దగ్గరికి వచ్చింది. ఏడవలేదు, అరవలేదు. వానలో తడిసిన కొంగు పిండుకుంటూ, “గీ గెలలు మళ్ళ ఇంటికి పోతే నా తోట ఉండది మేడం. పొద్దుగాల్నే నరుకుతరు,” అంది. నా చేతిలో ఉన్నది ఒక మీట, అది నొక్కితే సున్నా అని అచ్చవుతుంది, అంతకుమించి నాకేం అధికారం ఉంది చెప్పండి.

అప్పుడు వరసలో ఆమె వెనకే ఉన్న ఒక పెద్దాయన ట్రాక్టరు దిగాడు. తన భుజం మీది కండువా తీసి, ఆమె తరఫున మా గేటు కమ్మీకి కట్టాడు. కట్టి, వెనక్కి తిరిగి, అందరికీ వినపడేట్టు, “ఆమె వంతు ఆమెదే. ఎవ్వరు ముంగటికి రావొద్దు. ఎనక నుంచి జరుగుకుంట పోదాం,” అన్నాడు. ఆ మాట ఒక ట్రాక్టరు నుంచి ఇంకో ట్రాక్టరుకు అందుకుంటూ మలుపు దాటి, నాకు కనిపించని చోటుకు పోయింది. నేనేమనుకున్నానో చెప్పనా, ఎవడు కదులుతాడులే అనుకున్నాను. అందరివీ గెలలే, అందరికీ చీకటి భయమే. వెనక్కి జరిగితే మళ్ళీ ముందుకొచ్చేసరికి ఎంత పొద్దు పోతుందో, ఎవరిది గేటు బయట మిగిలిపోతుందో తెలియంది ఎవరికి?

అయినా కాసేపటికి మలుపు అవతల ఎక్కడో ఒక ఇంజను చప్పుడైంది. మీరు గమనించారో లేదో, అలాంటి వరస వెనక్కి జరగాలంటే మొదటివాడు ఎంత మంచివాడైనా లాభం లేదు, అందరికన్నా చివర ఉన్నవాడు ముందు కదలాలి. ఆ చివరివాడు కదిలాడు. అతని తర్వాత అతని ముందున్నవాడు, ఆ తర్వాత వాడి ముందువాడు, అరుపులు, తిట్లు, చక్రం కాలువలో దిగితే తోయడాలు, మధ్యలో నవ్వులు, అలా ఒక్కొక్కటే జరుగుతూ జరుగుతూ ఖాళీ మా గేటు దాకా వచ్చింది. ఆమె తమ్ముడు పళ్ళు బిగబట్టి ట్రాక్టరును వెనక్కి దించాడు. ఆ కుర్రాడి మెడ మీద నరాలు ఇప్పటికీ నా కళ్ళముందున్నాయి.

నేను ప్రోగ్రాము ఆపాను, కంప్యూటరు ఆపాను, చివర కాంటా పెట్టె ఆపాను. బాబాయి వానలోనే పార పట్టుకుని కాంటా మీది బురదంతా గీకాడు. కాంటా పెట్టె వేశాం, అంకెలు తడబడి తడబడి సున్నా దగ్గర నిలిచాయి. అది ఈసారి నిజమైన సున్నా. తర్వాత కంప్యూటరు. ఇందాక కరెంటు పోయి హఠాత్తుగా ఆగింది కదా, లోపల ఏం చెడిందో మొత్తం తడుముకుని చూసుకుంటే గానీ లేవనని మొండికేసింది. ఆ నీలం తెర ముందు నేను మొక్కని దేవుడు లేడు, భద్రాద్రి రాముడి నుంచి మా ఊరి ముత్యాలమ్మ దాకా అందరినీ పిలిచాను. లేచింది. ప్రోగ్రాము లేచింది. ప్రింటరు గురగురలాడింది. ట్రాక్టరు కాంటా ఎక్కింది.

ఆమె అంకె వైపు చూడలేదు, నా ముఖం వైపు చూసింది. నేను చీటీ చించి చేతికిచ్చి, ఎక్కిందమ్మా, బరువు ఎక్కింది అన్నాను. గెలలు చూసే ఆయన, పండ్లు రాలాయి గానీ తీసుకుంటాలెమ్మని రాసిచ్చాడు. ఆమె ఆ చీటీ మడిచి జాకెట్లో పెట్టుకుని, నా చెయ్యి పట్టుకుని, వాళ్ళ భాషలో ఏదో అంది. నాకు అర్థం కాలేదు, ఏమన్నావని అడగాలనీ అనిపించలేదు. నేను ఏడ్చేశాను, దాచడమెందుకు.

పొద్దు వాలుతుండగా లోపలి బండ్లు ఒక్కొక్కటీ కదిలాయి, ఆమె తర్వాత ఎన్ని బండ్లు తూచగలిగితే అన్నీ తూచాం. చీకటి పడింది, గేటు మూశారు, కొన్ని ట్రాక్టర్లు బయటే ఉండిపోయాయి. మర్నాడు పొద్దున్నే వెళ్ళి, నిన్న అందరికన్నా చివర ఉన్న బండి ఎవరిది, వాళ్ళది ముందు తూస్తాను అన్నాను. మేనేజరు గారినీ ఒప్పించి పెట్టుకున్నాను. ఎవరూ చేయి ఎత్తరే! వెనక్కి జరగడంలో వరస కలగాపులగమైందో, కావాలనే చెప్పలేదో, ఒకరి మొహాలు ఒకరు చూసుకుని నవ్వుకుంటున్నారు. నేను రెట్టించి అడిగితే వాళ్ళలో ఒకతను, “ఎవరైతేంది మేడం. కాంటా మంచిగ లేసింది గద,” అన్నాడు. అంతే, ఆ సంగతి అక్కడితో సరి.

తర్వాత ఆ వానాకాలమంతా బాబాయీ నేనూ ఆ లేచే వరస మీదే పడ్డాం. పట్నం కుర్రాళ్ళు పాపం మంచివాళ్ళు, ఫోనులో గంటలు గంటలు ఓపిగ్గా చెప్పేవారు. మొదట మేము ఒకటి లేచాక నిమిషం ఆగి రెండోది లేవమన్నాం. వోల్టేజి తక్కువైన రోజున ఆ నిమిషం చాలలేదు. ఆగడం వేరు, అడగడం వేరని అప్పుడు తెలిసింది. కాంటా ఖాళీగా ఉందా, స్థిమితపడిందా అని అడుగుతూ ఉండు, అవునని జవాబొచ్చేదాకా నువ్వు లేవకు అని తూకం ప్రోగ్రాముకు నేర్పించాం. ఆపేటప్పుడు ఏది ముందు అన్న ప్రశ్న వస్తే మాత్రం ఎవరినీ అడగలేదు, అది నాకు అడవి దారి మీద కనిపించింది. చివర లేచినది ముందు ఆగాలి, అందరికీ ఆధారమైనది చివర ఆగాలి. కొత్త బ్యాటరీలూ వచ్చాయి. ఆ తర్వాత నేను ఆ ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ మా కాంటా మీద ఎవరి కష్టమూ సున్నా కాలేదు.

ఆమె తోట నిలిచింది. రెండేళ్ళకు మరుదులూ మొక్కలు పెట్టారు. ప్రతి ఎండాకాలం కోత తెచ్చినప్పుడు ఆకు దొప్పలో తునికిపండ్లు తెచ్చి నా కిటికీలో పెట్టి పోయేది. అన్నయ్య చదివించాడు, పిన్ని అన్నం పెట్టింది, బాబాయి పని నేర్పాడు, ఆమె నన్ను గుర్తుపెట్టుకుంది. తలుచుకుంటే నా జీవితంలో నేను సంపాదించిన దానికన్నా నాకు వాళ్ళూ వీళ్ళూ ఇచ్చిందే ఎక్కువ.

ఇప్పుడు ఆ వైపు తోటలు ఇంకా పెరిగాయట. ఏ రోజు, ఏ వేళకు బండి తేవాలో ఫోనుకే వస్తుందట, వచ్చి తూచుకుని పోవడమే, దారి మీద వరసే ఉండదట. మా చెల్లెలి కూతురు రెండు లైన్లు రాస్తే యంత్రాలు ఒకదాని కోసం ఒకటి బుద్ధిగా ఆగుతున్నాయి. మంచిదే, మనం పడ్డ పాట్లు పిల్లలు పడాలని నేననను. కాకపోతే తన వెనక ఎవరున్నారో ఇప్పుడు ఎవరికీ తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. ఒకరి కోసం ఇంకొకరు వెనక్కి జరగవలసిన పనీ రాదు.

ఆ సాయంత్రం మలుపు అవతల, ముందు ఏం జరుగుతుందో కంటికి కనిపించకపోయినా, ఎవరి కోసమో తెలియకపోయినా, ఒక్క మాట మీద అందరికన్నా ముందు ఇంజను వేసి వెనక్కి జరిగిన మనిషిని నేను చూడనేలేదు. గెలలతో పాటు ఆ రాత్రంతా గేటు బయట వానలో ఉండిపోయి ఉంటాడు. ఎప్పుడైనా ఖమ్మం బజారులోనో, బ్యాంకులోనో, బస్సు మెట్ల దగ్గరో నా వయసు పెద్దమనిషి ఎవరైనా ఒక అడుగు వెనక్కి వేసి, మీరు పోండమ్మా అని దారి ఇస్తే, ఇతనేనేమో అనిపిస్తుంది. అడిగితే పిచ్చిదనుకుంటారని అడగను. ఆ కాస్త సాయానికి అక్కర్లేనంత గట్టిగా, పక్కవాళ్ళు తిరిగి చూసేట్టుగా, చల్లగా ఉండయ్యా అని మాత్రం అంటాను.